గ్యాసు లైను

గ్యాసు బంకు ముందు లైను మలుపు తిరిగి, చెప్పుల ఫ్యాక్టరీ గోడ పొడవునా సాగి, గోడ అయిపోయాక కూడా ఇంకా ఉంది. సిలిండర్ల లారీ రాలేదు. అది వస్తే తప్ప బంకులో గ్యాసు ఉండదు.

బడి దగ్గర పిల్లల్ని దింపి నేరుగా ఇక్కడికే వచ్చిన వ్యానక్క, గోడ సగం దాకా పోయి ఆగింది. పసుప్పచ్చ వ్యానులో పిల్లల్ని తిప్పే ఆమెను లైన్లో అందరూ వ్యానక్క అనే పిలుస్తారు, ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా. ఇంజను ఆపి, తాళం చెవి జాకెట్లో దోపుకుని దిగింది. లైన్లో ఎవరూ ఇంజను ఆన్‌లో ఉంచరు. ముందు బండి కదిలినప్పుడల్లా దిగి భుజంతో తోసుకుంటారు. ఉన్న కాస్త గ్యాసు ఇక్కడే తగలేస్తే బండి బంకు దాకా కూడా రాదు.

"వచ్చిందా చుట్టం?" అని అడిగింది ముందు ఆటోవాణ్ణి. వాడికి రేడియో అని పేరు. వాడి నోరు మూతపడగా చూసినవాళ్ళు లేరు.

"దారిలో ఉందట అక్కా. చుట్టమన్నాక దారిలోనే ఉంటుంది మరి. మన నేల కిందే పుట్టింది. పుట్టగానే గొట్టంలో పడి పక్క రాష్ట్రానికి పోయింది. అక్కడ పెద్ద చదువులు చదువుకుని, లారీ ఎక్కి మనింటికి చుట్టపుచూపుగా వస్తుంది. రాగానే ఉంటుందా? రెండు పూటలుంటే గొప్ప."

వెనకున్న సరుకుల బండామె పక్కున నవ్వింది. నవ్వులాటకి చెప్పినా వాడన్నది నిజమే. రాష్ట్రం చిన్నది. పొద్దున ఈ కొసన బయల్దేరిన ఆటో మధ్యాహ్నానికి ఆ కొసన ఉంటుంది. ఊరి బయట గ్యాసు బావుల మీద మంట పగలూ రాత్రీ కనబడుతూనే ఉంటుంది. ఊళ్ళో బళ్ళన్నిటికీ మాత్రం ఈ ఒక్క బంకే గతి.

లారీ వచ్చేసరికి ఎండ గోడ దిగింది. లైనంతా ఒక్కసారి లేచి నిలబడింది. లారీ మీది సిలిండర్లకి గొట్టం తగిలించాక మొదటి కాసేపే ప్రెజరు నిండుగా ఉంటుంది. అప్పుడు నింపుకున్నవాళ్ళ మీటరు ముల్లు చివరిదాకా పోతుంది. బళ్ళు నిండే కొద్దీ ప్రెజరు పడిపోయి, వెనకవాళ్ళ ముల్లు సగంలో ఆగిపోతుంది. ఆ సగంతో బండి సగం రోజే నడుస్తుంది. అందుకే ఇక్కడ ముందు, వెనక అన్న మాటలకి అంత విలువ.

వ్యానక్క ఖాళీ సీసాలో నీళ్ళు పట్టుకుందామని బంకులోకి నడిచింది. ఆ వేళ లైన్లో మొదటి బండి, అందరూ పెద్దాయన అని పిలిచే ముసలి ఆటో డ్రైవరుది. తెల్లవారకముందే వచ్చి ఆటోలోనే కునుకు తీసుంటాడు, చెంప మీద సీటు గీతలు ఇంకా ఉన్నాయి. సీటు ఎత్తి పట్టుకున్నాడు. గన్ను పట్టే అమ్మాయి గొట్టం చివరి గన్నుని వాల్వుకి బిగించి మీట తిప్పింది. గొట్టం ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. పెద్దాయన ఆటో మీటరు వైపు వంగి చూస్తున్నాడు. ముల్లు లేచింది.

అప్పుడే బంకు వెనకవైపున్న, బయటికెళ్ళే గేటులోంచి తెల్ల కార్లు లోపలికొచ్చాయి. ఆఫీసర్లని తిప్పడానికి ఒక కంపెనీ పెట్టిన కార్లవి. రోజూ వచ్చేవే. లారీ రాకముందు మాత్రం ఎప్పుడూ రావు. ముందు కారు పెద్దాయన ఆటో ముందు ముక్కు ఆనించి హారను కొట్టింది.

బంకు మేనేజరు అద్దాల గదిలోంచి చెయ్యి ఊపాడు. అమ్మాయి కదల్లేదు. ఆయనే గబగబా వచ్చి మీట తిప్పేసి, సగం కూడా కాని బండి నుంచి గన్ను లాగేశాడు. బుస్సుమని గాలి పోయింది.

"కాస్త పక్కకి జరుగు పెద్దాయనా. వాళ్ళది అర్జెంటు. మళ్ళీ నింపుతాంలే."

మళ్ళీ నింపేసరికి ఎంత ప్రెజరు మిగులుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. పెద్దాయన వాల్వు మూత బొటనవేలితో నొక్కి పెట్టాడు. భుజం మీది గుడ్డతో దాన్ని తుడిచాడు. సీటు చప్పుడు కాకుండా దించాడు. ఆటో పక్కకి తోసుకుంటూ, హారను కొట్టిన డ్రైవరు వైపు చూసి నవ్వాడు. దారికి అడ్డం ఉన్నందుకు ఏమనుకోవద్దన్నట్టుంది ఆ నవ్వు.

వ్యానక్క సీసా నిండి నీళ్ళు చేతిమీదుగా కారిపోతున్నాయి. చూసుకోలేదు.

"మీరు ఊరుకున్నారేంటండీ?" అంది దగ్గరికి వెళ్ళి.

"ఏం చెయ్యమంటావమ్మా? గ్యాసు నాదా, వాళ్ళదా? గన్ను మాత్రం వాళ్ళ చేతిలో ఉంది." మళ్ళీ అదే నవ్వు.

ఆమె వంతు వచ్చేసరికి ముల్లు సగంలో ఆగింది. పెద్దాయన ఆటోకి ఇంకెవరూ గన్ను పెట్టలేదు.

సాయంత్రం ఇంట్లో, ఆమె మొగుడు గడప మీద కూర్చుని చెయ్యి చాపాడు. లేతు మిషను మీద ఇనుము చెక్కే పని. రోజూ ఏదో ఒక వేలిలో ఇనప పొట్టు దిగుతుంది. ఆమె సూది తీసుకుని, దీపం కిందకి వేలు లాక్కుని, పొట్టు ఎక్కడుందో వెతుకుతూ జరిగిందంతా చెప్పింది.

"రోజూ జరిగేదేగా. ఇవాళ కొత్తగా కడుపు మండటం ఎందుకు?"

"ఆయన నవ్వాడయ్యా."

"నవ్వితే?"

"తిట్టినా బాగుండేది. ఏడ్చినా బాగుండేది. తనదే తప్పన్నట్టు నవ్వాడు."

"నీకెందుకే ఊళ్ళో గొడవలన్నీ? బడివాళ్ళ చెవిన పడితే పిల్లల్ని ఇంకో వ్యానుకి ఇచ్చేస్తారు. అప్పుడు కూర్చుని నవ్వుదువుగాని."

"కదలకు." సూది మొన లోపలికి పెట్టి పైకెత్తింది. వాడు "అబ్బా" అన్నాడు. వెంట్రుకంత ఇనప ముక్క సూది కొసన మెరిసింది. ఆమె దాన్ని గోడకి రుద్దేసింది. "ఆ వెనక గేటుకి మన వ్యాను అడ్డం పెడితే కార్లు పట్టవు. ఆటోలైతే పక్కనుంచి పోతాయి. చూసొచ్చాను."

వాడు వేలు నోట్లో పెట్టుకుని చాలాసేపు ఆమెనే చూశాడు. ఇంటికి రాకముందే ఇది నిశ్చయమైపోయిందని వాడికి అర్థమైంది.

"హ్యాండు బ్రేకు సరిగ్గా పట్టట్లేదు" అన్నాడు చివరికి. "టైరు కింద రాయి పెట్టుకో."

మర్నాడు పిల్లల్ని దింపి ఆమె ముందు మేనేజరు దగ్గరికే వెళ్ళింది. అడక్కుండా గొడవకి దిగిందన్న మాట రాకూడదు.

"తెల్ల కార్లని కూడా లైన్లో రమ్మనండి సార్. అంతే. ఇంకేం అడగను."

మేనేజరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. చెడ్డవాడు కాదు. ఎవరికీ ఎదురు చెప్పలేక తల ప్రాణం తోకకొచ్చిన మనిషి. "నా చేతిలో ఏముందమ్మా? పైనుంచి చెప్పారు."

"పైనంటే ఎవరు?"

"పైనంటే... పైనే."

"వాళ్ళ కాగితం ఏమన్నా ఉందా?"

"కాగితాలెందుకు తల్లీ, ఫోన్లు ఉండగా." తలుపు వైపు చూపించాడు. "నువ్వు లైన్లోకి పో. నీకు నేను చూస్తాగా."

"నాకు చూడొద్దు సార్" అని బయటికొచ్చింది.

వ్యాను తిప్పి, వెనక గేటు దగ్గర అడ్డంగా నిలిపింది. దిగి, రోడ్డు పక్కనున్న రాయి కాలితో దొర్లించి టైరు కింద పెట్టింది. ఆటో పట్టేంత సందు వదిలింది. తలుపు మెట్టు మీద కూర్చుని, పిల్లలు సీట్ల మధ్య వదిలేసిన పెన్సిలు ముక్కలు, రిబ్బన్లు ఏరి ఒళ్ళో పోసుకోసాగింది.

లారీ వచ్చింది. దాని వెనకే తెల్ల కార్లు వచ్చాయి. హారన్లు మొదలయ్యాయి. ఆమె తలెత్తలేదు. కాసేపటికి బైకు మీద కంపెనీ సూపర్వైజరు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు ఫోన్లు. ముందు మర్యాదగానే మొదలుపెట్టాడు.

"బండి చెడిపోయిందామ్మా? మావాళ్ళు తోస్తారు."

"చెడిపోలేదు. నేనే పెట్టాను. మీ కార్లకి లైను అటువైపుంది."

"ఆఫీసులో ఈ కార్ల కోసం ఎవరు వెయిట్ చేస్తున్నారో తెలుసా నీకు?"

"మా లైన్లో ఎవరు వెయిట్ చేస్తున్నారో నాకు తెలుసు. మీరూ ఒకసారి నడిచి చూసి రండి. గోడ అయిపోయేదాకా ఉంటారు."

"ఎవరి కోసం నీకీ గోల? నీ ముల్లు సగమొస్తే చెప్పు, నిండుగా కొట్టిస్తాను."

"నిన్న పెద్దాయన ఆటో నుంచి గన్ను లాగేశారు. ఆయన కోసం."

అతను చుట్టూ చూశాడు. లైన్లోంచి కొందరు వచ్చి దూరంగా నిలబడ్డారు. రోజూ టీ బడ్డీ దగ్గర ఈ కార్లని బండబూతులు తిట్టేవాళ్ళే. ఇప్పుడు ఒకడు చెప్పు ఉంగటం సరిచేసుకుంటున్నాడు, ఒకడు ఆకాశం వైపు చూస్తున్నాడు. రేడియో కూడా మూగబోయాడు. ఆమెకి ఒళ్ళు మండింది గాని, వాళ్ళ వైపు చూడకుండా రిబ్బను చుట్ట చుట్టుకుంటూ కూర్చుంది.

ఈలోగా లోపల లైను కదిలింది. అడ్డంపడే కార్లు లేకపోయేసరికి, మొదటి ఆటోకి ముల్లు చివరిదాకా పోయింది. రెండోదానికీ పోయింది. గన్ను పట్టే అమ్మాయి ఒక్కో బండికీ "ఫుల్లు!" అని కేకపెడుతుంటే, ఆ కేక నోటి నుంచి నోటికి మారుతూ గోడ పొడవునా వెళ్ళింది. నిండిన ఆటోలు వ్యాను పక్క సందులోంచి ఒక్కొక్కటే బయటికొస్తూ, ఆమె దగ్గర కాస్త నెమ్మదించి పోతున్నాయి. సరుకుల బండామె ఆగి, తన డబ్బాలోంచి చపాతీ ఒకటి తీసి చేతిలో పెట్టింది. "తిను. మాడి చస్తావు" అని కసిరి వెళ్ళిపోయింది.

సూపర్వైజరు కాస్త దూరం వెళ్ళి ఫోను మాట్లాడి వచ్చాడు. రెండు నిమిషాలకి ఆమె ఫోను మోగింది. బడి పెద్ద టీచరు.

"బంకు దగ్గర ఏదో గొడవ చేస్తున్నావట?"

"గొడవేం లేదండీ. లైన్లో రమ్మంటున్నాను."

"అదంతా నాకనవసరం. పిల్లలు వేళకి ఇళ్ళకి చేరాలి. ఒక్క పిల్ల గేటు దగ్గర నిలబడిపోయినా రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఫోను పెట్టాక ఆమె మీటరు వంక చూసింది. ముల్లు అడుక్కి అంటుకుంది. గేటు దగ్గర ఉండిపోవడంతో లైన్లో చోటు లేదు. ఇప్పుడు కదిలి వెనక్కి వెళ్తే వంతు రాదు. కదిలిన మరుక్షణం కార్లు లోపలుంటాయి. చపాతీ మడిచి పక్కన పెట్టింది.

"ఎవరక్కా ఫోన్లో?" రేడియో ఎప్పుడొచ్చాడో పక్కన నిలబడ్డాడు.

చెప్పింది.

వాడు మెడ గోక్కున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. "మీ వ్యాను పిల్లలు ఎంతమంది? ఏ ఏ వీధులు?" అని, ఆమె చెబుతుండగానే గట్టిగా అరిచాడు. "ఫుల్లు కొట్టించుకున్నోళ్ళు ఇట్రండ్రా! పొద్దుట్నుంచి అక్క పుణ్యాన ముల్లు చూసి మురిసిపోయారుగా. బడి దగ్గరికి పదండి!"

ఆ మధ్యాహ్నం ఆమె పిల్లలు ఆటోల్లో ఇళ్ళకి వెళ్ళారు. ఏ బిడ్డ ఏ ఇంటి ముందు దిగాలో, ఎవర్ని అమ్మమ్మ వచ్చి తీసుకుంటే తప్ప దించకూడదో, ఎవరు ముందు సీటు కోసం కొట్టుకుంటారో ఆమె ఒక్కొక్కరికీ అప్పజెప్పింది. కార్లు ఎదురుచూసి ఎదురుచూసి వెళ్ళిపోయాయి. లైను ఆఖరి బండి కూడా నిండాక, గన్ను పట్టే అమ్మాయి లారీలో మిగిలిన గుక్కెడు గ్యాసు ఆమె వ్యానుకి పట్టింది. మర్నాటి పొద్దుటి ట్రిప్పుకి సరిపోతుంది.

ఆ రోజంతా పెద్దాయన కనబడలేదు. రేడియోని అడిగితే, "ఆటో ఇంటి ముందు లేదు. ఏదన్నా దూరం బేరం తగిలిందేమో" అన్నాడు. రేడియోకి తెలియని సంగతి ఉండటం ఆమెకి వింతగా తోచింది.

మూడోరోజు ఆమె మళ్ళీ గేటు దగ్గరే ఆపింది. ఈసారి ఒంటరిగా కూర్చోలేదు. నింపుకున్నవాళ్ళు నింపుకున్నట్టే వచ్చి కాసేపు నిలబడి వెళ్తున్నారు. మేనేజరు అద్దాల గదిలోంచి బయటికి రావడం మానేశాడు. తెల్ల కార్లు ఆలస్యంగా వచ్చాయి. ముందు కారు హారను కొట్టలేదు. నెమ్మదిగా వచ్చి వ్యానుకి నాలుగడుగుల దూరంలో ఆగింది. తలుపు తెరుచుకుంది.

దిగినవాడు పెద్దాయన.

కొత్త తెల్ల యూనిఫాం. మడత విప్పిన గీతలు చొక్కా మీద ఇంకా పోలేదు. మెడ దగ్గర బొత్తాం బిగుసుకుపోయి గొంతు నొక్కుతున్నట్టుంది. భుజం మీద గుడ్డ లేకపోయేసరికి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

"మీరా?" అంది ఆమె.

"ఆటో అమ్మేశానమ్మా. మొన్న ఇంటికి పోయి కూర్చుని ఆలోచించాను. సగం గ్యాసుతో సగం రోజు, మిగతా సగం లైన్లో. ఇంకెన్నాళ్ళని? వీళ్ళకి డ్రైవరు కావాలంటే చేరాను." గొంతు తగ్గించాడు. "నువ్విక్కడ నా పేరు చెప్పి కూర్చున్నావని నాకు ఇవాళే తెలిసింది."

వెనక బైకు మీద కాలు ఆనించి సూపర్వైజరు చూస్తున్నాడు. ఈ కారు ముందుండేట్టు చూసింది అతనేనని అతని మొహమే చెబుతోంది.

"ఏమ్మా, ఈయన కోసమేగా రెండ్రోజుల్నుంచి నీ దీక్ష?" అన్నాడు అందరికీ వినపడేలా. "ఇదిగో, తెచ్చాను. గ్యాసు లేకుండా తిరిగొస్తే ఈ ఉద్యోగం కూడా ఉండదు ఈయనకి. ఆపు మరి. ఆపి చూపించు."

రేడియో ఆమె చెవి దగ్గరకొచ్చాడు. "పోనీలే అక్కా. ఈ ఒక్క కారు పోనిద్దాం. ముసలాయన."

ఎవరి కోసమని కూర్చుందో ఆయనే అవతలివైపు నుంచి వచ్చి నిలబడ్డాక, తానిక్కడ ఎందుకున్నట్టో ఆమెకి ఒక్క క్షణం తోచలేదు. రాయి తీసేసి ఇంటికి పోవచ్చు. ఎవరూ తప్పుపట్టరు. వ్యాను మీదుగా లైను వైపు చూసింది. సరుకుల బండామె తన బండికి భుజం ఆనించి ఒక్కో అడుగూ తోసుకొస్తోంది. ఆమె వెనక, పేరు కూడా తెలియని ఎవరో, మొన్న పెద్దాయన చూసినట్టే తన మీటరు వైపు వంగి చూసుకుంటున్నాడు.

వ్యానక్క లేచి నిలబడింది. ఒళ్ళోని రిబ్బన్లు కిందపడ్డాయి.

"ఇటు నుంచి దారి లేదు పెద్దాయనా" అంది. "మీక్కూడా లేదు. ఏమనుకోవద్దు."

పెద్దాయన ఆమె మొహంలోకి చూశాడు. ఆమె ఆయన నవ్వుతాడేమోనని భయపడింది. ఆయన నవ్వలేదు. మెడ దగ్గర బొత్తాం విప్పుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"లైను చివర ఎక్కడుందమ్మా?"

"ఏయ్!" అన్నాడు సూపర్వైజరు.

"గోడ అయిపోయాక, కరెంటు స్తంభం దగ్గర" అంది ఆమె.

పెద్దాయన కారెక్కాడు. ఆటో అలవాటైన చెయ్యి, సందు ఇరుకు, వెనకంతా కార్లు. రివర్సు గేరు పడక కారు రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది. ఆమె కారు వెనక్కి వెళ్ళి నిలబడి చెయ్యెత్తింది.

"రానీండి... రానీండి... ఎడమకి కొట్టండి. ఇంకొంచెం. ఆఁ, సరిచెయ్యండి. రానీండి." వెనక కార్ల డ్రైవర్ల వైపు తిరిగి కసిరింది. "జరగండయ్యా, పెద్దాయన వస్తున్నాడు!"

వాళ్ళు జరిగారు. సూపర్వైజరు కారు కిటికీ పక్కనే నడుస్తూ ఏదో అంటూనే ఉన్నాడు. పెద్దాయన చూపంతా అద్దంలో, ఆమె చేతి మీదే ఉంది. కారు రోడ్డెక్కి, మలుపు తిరిగి, గోడ వెంబడి నెమ్మదిగా సాగిపోయింది.

సూపర్వైజరు ఆగిపోయాడు. రెండు ఫోన్లూ ఒకేసారి మోగుతున్నాయి. ఒకటి ఎత్తి, "వస్తున్నాయి సార్, వస్తున్నాయి" అన్నాడు. మిగిలిన కార్ల వైపు, వాటి ఖాళీ ట్యాంకుల వైపు చూశాడు. ఆ చూపులో లెక్కంతా తేలిపోయినట్టుంది. పళ్ళు కొరుక్కుని, వేలితో గోడవైపు చూపించాడు. "పోండి. పోయి నిలబడండి."

ఇక గేటు దగ్గర ఆమెకి పనిలేదు. రాయి తీసి పక్కన పడేసి, ఆ కార్లు ఇరుకు సందులో ఇంకా తిప్పుకుంటూ ఉండగానే, రోడ్డెక్కి వ్యాను లైను చివరకి తీసుకెళ్ళింది. కరెంటు స్తంభం దగ్గర పెద్దాయన కారు వెనక ఆపింది. ఇంజను ఆపేసింది. బంకు ఇక్కణ్ణుంచి కనబడదు. "ఫుల్లు" అన్న కేకలు మాత్రం సన్నగా వినిపిస్తున్నాయి. తమ దాకా వచ్చేసరికి ప్రెజరు ఎంత మిగులుతుందో తెలియదు. పిల్లల్ని తేవడానికి వేళవుతోంది. అవసరమైతే రేడియోకి ఫోను చెయ్యాలి.

పెద్దాయన దిగి వచ్చి, ఆమె కిటికీ పక్కన నిలబడ్డాడు. కాసేపటికి ముందు బండి కదిలింది. ఆయన వెళ్ళి కారుని తోయబోయాడు. బరువుకి అది కదల్లేదు. ఆమె దిగి వెళ్ళి వెనకనుంచి చెయ్యి వేసింది.

తిరిగొచ్చేసరికి వ్యాను వెనక ఇంకో తెల్ల కారు వచ్చి ఆగింది. కుర్ర డ్రైవరు. మొన్న పెద్దాయన ఆటోకి అడ్డంపడి హారను కొట్టినవాడే. కిటికీలోంచి తల బయటపెట్టి, కాస్త మొహమాటంగా అడిగాడు.

"ఇదేనా అక్కా, లైను చివర?"

"ఇప్పటిదాకా నేను" అంది వ్యానక్క. "ఇప్పుడు నువ్వు. ఇంజను ఆపెయ్, ఊరికే ఖర్చు."